గాజు పెట్టెలో కొండ

ఒక్క మాట. "బరోబర్." మా సోలాపూర్‌లో ఇటు మరాఠీకీ, అటు మా ఇళ్లలోని తెలుగుకూ పనికొచ్చే మాట అది. నిజమే, సరిగ్గా ఉంది, నువ్వన్నదే ఔను, అన్నీ ఆ ఒక్క మాటలోనే వస్తాయి. ఇరవై ఏళ్లు దాటింది. ఒక బడి హాలులో నలుగురి ముందు ఆ మాట అనవలసినవాణ్ణి, అనలేదు. తెలియక కాదు. ఆ హాలులో ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే ఉన్నాం. నన్ను అడిగిన మా మేనత్త ఒకరు, అడిగినప్పుడు తల వంచుకున్న నేను ఇంకొకణ్ణి.

పోయిన నెల అక్కల్‌కోట్ రోడ్డు మీద ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర మా మామకు, అంటే ఆ మేనత్త భర్తకు, పెళ్లికొడుకును చూపిస్తున్నారు. మామకు చెవులు దాదాపు వినబడవు. చేతిమగ్గాలు పోయాక పవర్‌లూమ్ షెడ్డుల్లో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకు మా పేటల్లో ఆఖరున మిగిలేది అదే. తనకు వినబడదు గనుక ఎదుటివాడికీ వినబడదని ఆయన నమ్మకం, అందుకే గట్టిగా మాట్లాడతాడు. ఆ కుర్రవాడి చెయ్యి పట్టుకుని హాలంతా వినబడేట్టు అన్నాడు: "నేనే! బాయి కొండను పడగొట్టినోన్ని!"

మా చుట్టాల్లో ఇది పాత జోకు. ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు "కొండను కూల్చినాయన వచ్చిండు, ఆయనకు బలమైన కుర్చీ వెయ్యండి" అనడం, అందరూ నవ్వడం, మామ కూడా నవ్వడం ఉండేది. నేనూ నవ్వాను, ఇన్నేళ్లూ. ఆ రోజు మాత్రం ఎవరూ ఎత్తకుండా ఆయనే ఎత్తుకున్నాడు. నవ్వలేదు కూడా. ఇంటిపేరు చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు. నా పళ్లెంలో వేరుశనగ బొబ్బట్టు, శేంగా పోళీ, వేడిగా ఉంది, నాకు చాలా ఇష్టమైనది, తినలేకపోయాను.

ఆయన పడగొట్టాననుకుంటున్న కొండ ఎవరిదో ముందు చెప్పాలి. బాయి అంటే ఆ మేనత్తే, మా చిన్నత్త. మరాఠీలో బళ్లో పాఠాలు చెప్పే ఆడమనిషిని బాయి అంటారు. మా తాతలు మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు కాబట్టి, అక్కడ మిగిలిపోయిన చుట్టాలకు బాయి అంటే నీళ్లు తోడుకునే బావి మాత్రమే. వాళ్లు వచ్చినప్పుడల్లా "మీ అత్తను బాయి అంటరేందిరా, గంత లోతుంటదా?" అని నన్ను ఏడిపించేవాళ్లు. మేముండే దాజీ పేటలో మాత్రం అందరికీ ఆమె బాయే. మా అమ్మకూ, అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్లకూ, ఆఖరికి తాళి కట్టిన మామకూ. "బాయి వచ్చిందా, బాయి తిన్నదా" అని ఆయన అడుగుతుంటే, కొత్తగా విన్నవాళ్లు ఈయన ఆమె దగ్గర చదువుకున్నాడేమో అనుకునేవాళ్లు. ఒకరకంగా చదువుకున్నాడు కూడా.

బాయి పొట్టి మనిషి. గొంతు మాత్రం నాలుగు మగ్గాల చప్పుడు మీదుగా వీధి చివరికి వినబడేది. పేటలోని తెలుగు బడిలో భూగోళం చెప్పేది. తనకు తెలిసింది తనకు తెలుసని ఒప్పుకోవడానికి ఆమె ఎన్నడూ మొహమాటపడలేదు. అట్లాసు ముందు వేసుకుని నేల మీద కూర్చుంటే, అదేదో తన పుట్టింటి పొలం పటం అన్నట్టు వేలుతో నడిచేది.

కొండల పాఠం చెప్పడానికి మా సోలాపూర్ అంత పనికిరాని ఊరు ఇంకొకటి ఉండదు. ఊరి కింద ఉన్నదంతా నల్లరాయి. ఎప్పుడో నేల చీలి పొంగిన లావా, ఒక పారుదల మీద ఇంకొక పారుదల, ఎండిన కడక్ జొన్నరొట్టెలు దొంతి పెట్టినట్టు చల్లబడిపోయింది. పరిచిన పొరలు పరిచినట్టే ఉన్నాయి. వాటిని ఎవరూ పక్క నుంచి నెట్టలేదు, ఎవరూ మడవలేదు. మా పిల్లలకు తెలిసిన ఎత్తు అంటే మిల్లు చిమ్నీ. హిమాలయం అంటే అంతకంటే ఎత్తు చిమ్నీ అని ఒకడు పరీక్షలో రాశాడు. బాయి వాడికి సగం మార్కులు వేసింది. "పోలిక తెలిసింది గద, కొండ తెలిసేటట్టు చేసుడు నా పని" అంది.

మా మగ్గాల మీద పుట్టే దుప్పటి, చద్దరుతోనే ఆమె మొదలుపెట్టింది. గచ్చు మీద చద్దరు పరిచి, రెండు చివరల ఇద్దరిని కూర్చోబెట్టి మధ్యకు నెట్టమనేది. చద్దరు మడతలు మడతలుగా లేచేది. "చద్దరు చిన్నగైందా?" అని అడిగేది. పిల్లలు ఔననేవాళ్లు. "కాలే. చద్దరు గంతనే ఉన్నది. అది పట్టిన జాగా చిన్నగైంది. పక్కకు తగ్గింది, మీదికి పెరిగింది. కొండ అంటే గదే." పెద్దయ్యాక పుణెలో భూగర్భశాస్త్రం చదువుతున్నప్పుడు, భూమి పొర ముడుచుకుని కురచ కావడం గురించి మా ప్రొఫెసరు ఒక గంట చెప్పాడు. ఆ గంటసేపూ నాకు దాజీ పేట గచ్చు మీది చద్దరే కనబడింది.

కానీ ఆమెకు చద్దరుతో తృప్తి లేదు. చద్దరు మడత పడుతుంది గానీ విరగదు. భూమి పొరలు మడత పడతాయి, విరుగుతాయి, విరిగిన ముక్క పక్క ముక్క మీదికి ఎక్కి కూర్చుంటుంది. అది పిల్లలకు కనబడాలి. ఆ పట్టుదలలోంచి గాజు పెట్టె పుట్టింది. మూతపడ్డ దుకాణం ఒకదాని షోకేసు అద్దాలతో పొడుగాటి పెట్టె చేయించింది. అందులో పొరలు పొరలుగా ఇసుక. టవళ్లకు రంగు వేసే కార్ఖానాలో మిగిలిన రంగునీళ్లలో ఇసుకను నానబెట్టి ఆరబోసింది, ఎర్రది, నీలంది, పచ్చది. ఆ వారం వాళ్ల వాకిట్లో కాలు పెట్టినవాళ్లందరి పాదాలూ పారాణి పెట్టుకున్నట్టే ఉండేవి. ఉత్త ఇసుక జారిపోతుంది, చీలిక నిలబడదు. అందుకని ఎన్నో తిప్పలు పడి, కొద్దిగా మైదా కలిపితే పగులు పగులుగానే నిలుస్తుందని కనిపెట్టింది. కొండకు మైదా కలిపిన మొదటి మనిషి మా అత్తే అయి ఉంటుంది.

పెట్టెలో ఒక పక్క చెక్క గోడ కదిలేది. దాన్ని లాగే ఏర్పాటు మామది. తన పాత చేతిమగ్గంలోని సరంజామా విప్పి బిగించాడు. నేసిన బట్ట చుట్టుకునే దుంగ, దాని చివర పండ్ల చక్రం, చక్రం వెనక్కి తిరగకుండా పంటికి అడ్డంపడే ఇనుప కొక్కెం. గోడకు రెండో వైపు, మగ్గానికి కట్టినట్టే, తాడు ఎప్పుడూ బిగువుగా ఉండడానికి ఒక రాయి వేలాడదీశాడు. దుంగ తిప్పితే చక్రం టిక్కు టిక్కుమనేది, గోడ కొంచెం కొంచెం లోపలికి జరిగేది, ఇసుక పొరలు మొదట ఉబ్బేవి, తర్వాత విరిగేవి, ఎర్రది నీలం మీదికి ఎక్కేది. పిల్లలు అద్దం ముందు నుంచి కదిలేవాళ్లు కాదు. చదువుకున్నవాణ్ణి, బొమ్మల్లో వందసార్లు చూసినవాణ్ణి, నేనూ పిల్లలతో పాటు గొంతు కూర్చున్నాను.

ఆ ఏడాది జిల్లా విజ్ఞాన ప్రదర్శనలో టీచర్లు చేసిన బోధన వస్తువులకు ఒక విభాగం పెట్టారు. గెలిచినది పుణెకు వెళ్తుంది. బాయికి పుణె మీద మోజు లేదు గానీ, అక్కడి హాలులో మైకు ముందు తన తెలుగు బడి పేరు చదవాలని కోరిక. అప్పటికే పిల్లలు తగ్గుతున్నారు, ఈ బడి ఎన్నాళ్లుంటుందని అడిగేవాళ్లు ఎక్కువవుతున్నారు. జడ్జీలు ముగ్గురు. పెద్దాయన మా కాలేజీ ప్రిన్సిపాల్, కెమిస్ట్రీ మనిషి. రెండో ఆయన ఎవరో గుర్తు లేదు. మూడోవాణ్ణి నేను. అప్పుడు ఆ కాలేజీలో నాది టెంపరరీ లెక్చరర్ ఉద్యోగం, ఆ వేసవిలో పర్మనెంట్ చేసేదీ చేయనిదీ ఆ పెద్దాయనే. టేబుల్ ముందున్నది నా మేనత్త అని నేను ఎవరికీ చెప్పలేదు. చుట్టరికం చూశాడంటారని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. కాలేజీలో నేను మరాఠీ తప్ప మాట్లాడేవాణ్ణి కాను. పాదాలకు రంగులంటిన ఇంటి నుంచి వచ్చినవాణ్ణని అక్కడ తెలియకుండా ఉంటే బాగుండునని నాకుండేది.

మామ ఉతికిన ధోవతి కట్టుకుని, తెల్ల టోపీ పెట్టుకుని దుంగ దగ్గర కూర్చున్నాడు. బాయి వివరిస్తోంది, మామ తిప్పుతున్నాడు. కొండ ఎన్నడూ లేనంత బాగా లేచింది. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు, "వా" అన్నారు. బాయి ముగించింది. మామ లేచాడు. లేస్తూ లేస్తూ, ఎడమ చేత్తో కొక్కెం ఎత్తాడు.

నేతపని తెలియనివారికి ఇక్కడొక మాట చెప్పాలి. చేతిమగ్గం దిగే ప్రతి మనిషీ అదే చేస్తాడు. గంజి పట్టించిన పోగులను రాత్రంతా బిగించి ఉంచితే తెల్లారేసరికి తెగుతాయి. అందుకని దిగేటప్పుడు కొక్కెం ఎత్తి సడలిస్తారు. "మనిషి పండుకుంటే మగ్గం గూడ పండుకోవాలె" అనేవాడు మామ. ఆయన చెయ్యి చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని, ఆయనను అడక్కుండానే చేసేసింది.

చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. రాయి గోడను తనవైపు లాగేసుకుంది. కొండ నడినెత్తిన పగిలింది. పగిలి కుప్పగా పడలేదు. పైభాగం రెండు మూడు చోట్ల నిలువునా చీలి, ముక్కలు మెట్లు మెట్లుగా కిందికి జారి, మధ్యలో చదునైన లోయ ఒకటి తెరుచుకుంది. హాలులో నవ్వులు లేచాయి. ప్రిన్సిపాల్ గారు కూడా నవ్వారు, చెడ్డగా కాదు, పాపం అన్నట్టు. మామ కొక్కెం పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

బాయి ఆయన వైపు చూడలేదు. అద్దానికి ముక్కు ఆనించి ఆ మెట్ల వైపే చూస్తోంది. నాకు ఇప్పటికీ ఆమె గురించి తల్చుకుంటే కనబడేది ఆ క్షణమే. ఏళ్ల కష్టం కూలిన మనిషి ముఖం కాదు అది. ఇంటికి ఊహించని చుట్టం వస్తే వెలిగే ముఖం. లేచి జడ్జీలతో మరాఠీలో అంది, ఇది చెడిపోవడం కాదండీ, కొండ మరీ మందమైతే తన బరువు తానే మోయలేక ఇలాగే పక్కలకు సాగుతుందేమో, పైన ఇలాగే మెట్లుగా దిగుతుందేమో, నెట్టడం ఒక సగం, సాగడం ఇంకొక సగం అయి ఉండాలి. ప్రిన్సిపాల్ గారు నా వైపు తిరిగారు. "మీ సబ్జెక్టు కదా, మీరేమంటారు?" అన్నారు. ఆయన నిజంగానే అడిగారు. బాయి కూడా తిరిగి, హాలని మరిచి ఇంట్లోలాగా తెలుగులో అంది: "చెప్పురా. నువ్వు చదివినవు గద. గిట్ల అయితదా, కాదా?"

అవుతుంది. హిమాలయం వెనక, టిబెట్ పీఠభూమి మీద, అచ్చం ఆ పెట్టెలో తెరుచుకున్నదానిలాంటి లోయలున్నాయి. ఇటు మన నేల ఉత్తరానికి నెడుతూనే ఉంది, అటు పైన నేల తూర్పు పడమరలకు సాగుతూనే ఉంది. మందమైన పొర లోపల వేడెక్కి మెత్తబడుతుంది, మెత్తబడ్డది పక్కలకు జరుగుతుంది, దాని మీద ఉన్నది చీలి దిగుతుంది. పుణెలో చివరి ఏడాది నేను పరీక్ష రాసిన అధ్యాయమే అది. ఆమె ఏ పుస్తకమూ లేకుండా, ఇసుకను చూసి, అద్దం ముందు నిలబడి అంది. నేను చేయవలసిందల్లా నోరు తెరిచి ఒక్క మాట అనడం. హాలంతా నన్నే చూస్తోంది. నేను చేతిలోని కాగితం చూశాను. కాసేపటికి ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చి పక్క టేబుల్‌కు నడిచారు. ఆయన వెనక నేను నడిచాను.

సాయంత్రం స్కూటర్ మీద వస్తుంటే దారిలో వాళ్లు కనిపించారు. మామ చేతిబండి నెడుతున్నాడు, బండి మీద గాజు పెట్టె, పక్కన బాయి. వేగం తగ్గించి, మళ్లీ పెంచాను. ఆ వేసవిలో నేను పర్మనెంట్ అయ్యాను. ఏటా అదే అధ్యాయం చెబుతాను. ముడతల దాకా నిదానంగా చెప్పి, సాగుడు దగ్గరికి రాగానే పేజీలు తొందరగా తిప్పుతానని ఒక విద్యార్థి ఈ మధ్య ఫిర్యాదు కూడా చేశాడు.

పెళ్లి అయిన మర్నాడు ఉదయం నీలం నగర్ వెళ్లాను. వాళ్లు ఇప్పుడుండేది అక్కడే. మగ్గం ఎప్పుడో పోయింది, పండ్ల చక్రం మాత్రం గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పడి ఉంది. బాయి అరుగు మీద కాళ్లు చాపుకుని ఉంది. మోకాళ్లు అరిగాయి, గొంతు అరగలేదు.

"ఏంది, కాలేజీకి సుట్టీయా?"

"సుట్టీ కాదత్తా. నీతోని ఒక మాట చెప్పాలె."

"చాయ్ తాగి చెప్తవా, చెప్పి తాగుతవా?"

"చెప్పి."

"అయితే మాట పెద్దదే. చెప్పు."

ఆ రోజు హాల్లో నువ్వు అడిగినవు గద, అని మొదలుపెట్టాను. ఆమె ముగించనివ్వలేదు. "నాకు తెల్వదా? జవాబు రాని పోరడు నేల చూస్తడు. జవాబు వచ్చి చెప్పలేనోడు కాగితం చూస్తడు. నువ్వు కాగితం చూసినవు."

"మరి మళ్లెప్పుడు అడగలేదేంది?"

"టీచర్ ఒక్కసారే అడుగుతది," అంది. తర్వాత మెల్లగా నవ్వింది. "మర్నాడే పెట్టె క్లాసుకు తీస్కపోయిన. కొండ లేపిన, కొక్కెం నేనే ఎత్తిన. రిటైర్ అయ్యేదాక ప్రతి ఏడు రెండూ చూపించిన. మా పోరగాండ్లు సగం పాఠం నేర్వలే, పూరా నేర్సిండ్రు." నేను పెట్టె అటకెక్కిందనే అనుకున్నాను ఇన్నేళ్లూ. అడగలేదు గనుక తెలియలేదు.

"నన్ను మాఫ్ చెయ్యత్తా," అన్నాను.

"నాకెందుకు చెప్తవు? నా మాట నిజమని నాకు ఆ రోజే తెలుసు. ఆయనకు చెప్పు." గుమ్మం బయట ఎండలో కుర్చీ వేసుకుని, పనికిరాని నూలు చిక్కు తీస్తున్న మామను గడ్డంతో చూపించింది. "ఆ చెయ్యితోనే నా పేరు పోయిందని కూసున్నడు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పని రోజున్నదా? 'పెండ్లానివి, నా మనసు కోసం అంటవు' అంటడు. 'జడ్జి మన అల్లుడే ఉండె గద, నిజమైతే వాడు చెప్పకపోవునా?' అంటడు."

చాయ్ సంగతి ఇద్దరం మరిచిపోయాం. వెళ్లి మామ పక్కన గొంతు కూర్చున్నాను. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "జోర్‌గ చెప్పు. షెడ్డుల ఉన్ననుకో."

ఎదురింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ముగ్గురు జడ్జీల ముందు మెల్లగా అనలేకపోయిన మాటను ఇప్పుడు వీధికి వినబడేట్టు అరవాలి. అరిచాను. ఆకులు కత్తిరించే చప్పుడు ఆగింది. మామ చేతిలోని నూలు కూడా ఆగింది. వినబడిందని ఆ చేతులే చెప్పాయి. ఆయన తన ఎడమ అరచేతిని చూసుకుని, నా వైపు తిరిగి అన్నాడు: "ఇంకోపారి చెప్పు."

కొండ లేవడానికి కోట్ల ఏళ్లు, సాగి దిగడానికి ఇంకొన్ని కోట్ల ఏళ్లు పడుతుంది, ఆలస్యమైందని దాన్ని ఎవరూ అడగరు. మనుషులకు అంత కాలం ఇవ్వలేదు, ఇచ్చిన దాంట్లో ఇరవై ఏళ్లకు పైగా నేను మామ దగ్గర ఊరికే తీసుకున్నాను. ఊపిరి పీల్చుకుని మళ్లీ అరిచాను:

"కొండను నువ్వు పడగొట్టలే మామా! కొండ అట్లనే దిగుతది! బాయి చెప్పింది బరోబర్! ఆ రోజు నాకు తెలుసు, తెలిసే చెప్పలే! తప్పు నీ చెయ్యిది కాదు, నా నోటిది! నన్ను మాఫ్ చెయ్యి!"